మన సభామందిరంలో కంటికి కనపడని తరంగాలు

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయిన తరువాత, భోజనాలకు ముందు, భౌతికశాస్త్రం వినవలసి రావడం మీకు కొంత కష్టమే. వంటశాల నుండి పులిహోర వాసన వస్తూనే ఉన్నది. దానితో పోటీపడే శక్తి మాకు లేదు. అయినా కార్యదర్శిగారు ఈ పని మాకు అప్పగించి, ఫలితం నలుగురిలోనే చెప్పాలని పట్టుబట్టారు. ఆ పట్టుదలకు కారణం మీలో చాలామందికి తెలుసు. తెలియనివారి కోసం చెబుతాము.

కొన్ని నెలల క్రిందట ఒక ఆదివారం మన మందిరానికి ఒక వర్తకుడు వచ్చాడు. చేతిలో అరచేయంత పరికరం. దానికి పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. పిల్లలు కూర్చునే బల్లలకు పైన, గోడకు బిగించిన వైఫై పెట్టె దగ్గర దానిని ఎత్తి పట్టాడు. ఎర్రదీపం వెలిగింది, కీచుమని శబ్దం కూడా వచ్చింది. "చూడండమ్మా, మీ పిల్లల నెత్తిమీద ఏమున్నదో" అన్నాడు. తరువాత సంచిలోనుండి ఫోనుకు అంటించుకొనే బిళ్ళలు తీశాడు. చాలామంది కొన్నారు. కొన్నందుకు మేము ఎవరినీ తప్పుపట్టము. పిల్లల తలమీద ఎర్రదీపం వెలిగితే ఏ తల్లి మనసు నిలుస్తుంది?

బిళ్ళల ఖర్చు పోతే పోయింది. మరుసటి ఆదివారం నుండి అయిదుగురు పిల్లలు తెలుగు బడికి రావడం మానివేశారు. అదీ అసలు నష్టం. ఈ షోలాపురంలో మన పిల్లలు బడిలో చదివేది మరాఠీ, ఇంగ్లీషు. వీధిలో మాట్లాడేది మరాఠీ, హిందీ. ఇంట్లో తాతగారు, అమ్మమ్మగారు మాట్లాడే తెలుగు చెవిన పడుతుంది గాని, తెలుగు అక్షరం కంటపడేది వారానికి ఆ రెండు గంటలే. ఆ వైఫై పెట్టె పెట్టుకొన్నదీ వారి కోసమే. ఆంధ్రదేశంలో ఉన్న ఒక ఉపాధ్యాయురాలు తెరమీద కనిపించి పాఠం చెబుతున్నారు. పెట్టె తీసివేస్తే పాఠం పోతుంది, ఉంచితే పిల్లలు రారు. కార్యవర్గం ఇరకాటంలో పడింది.

మా ముగ్గురిలో ఇద్దరము టెలిఫోను పనిలో ఉండి విరమించినవారము, ఒకరు కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవారు. "మాటలు వద్దు, కొలిచి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. సరే అన్నాము. పని మొదలుపెట్టిన తరువాత తెలిసింది, కొలవడం అంటే పరికరం ఎత్తి పట్టడం కాదని.

ముందు ఈ తరంగాల సంగతి రెండు మాటల్లో. ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. జర్మనీ దేశంలో హెర్ట్జ్ అనే పండితుడు 1887, 1888 సంవత్సరాలలో వీటిని ప్రయోగశాలలో పుట్టించి చూపించాడు. మన జగదీశ్ చంద్ర బోసుగారు 1895లో కలకత్తా టౌన్ హాలులో వీటిని గోడల గుండా పంపి, అవతలి గదిలో గంట మోగించారు. ఆకాశవాణి వార్తలను మోసుకొని వచ్చింది ఈ జాతి తరంగాలే. వైఫై పెట్టె వాడేవి సెకనుకు 240 కోట్ల సార్లు, లేదా 500 కోట్ల సార్లు కంపించే తరంగాలు. సెల్ ఫోన్లలో కొన్ని 70 కోట్ల దగ్గర, కొన్ని 350 కోట్ల దగ్గర కంపిస్తాయి. అంకెలు చూచి హడలిపోవద్దు. మన కంటికి కనిపించే వెలుతురు వీటికంటె లక్ష రెట్లకు పైగా వేగంగా కంపిస్తుంది. ఎక్సురే కిరణం అణువులోని ఎలక్ట్రానును ఊడగొట్టగలదు, వీటికి ఆ బలం లేదు. శాస్త్రానికి నిశ్చయంగా తెలిసిన వీటి పని ఒక్కటే, వేడి పుట్టించడం.

ఎంత వేడి ప్రమాదం? శరీరంలో కిలో బరువుకు 4 వాట్ల చొప్పున శక్తి ఇంకితే జంతువుల నడతలో మార్పు కనిపించింది. దానిని గీతగా పెట్టుకొని, ప్రజలకు అందులో యాభయవ వంతు, అనగా కిలోకు 0.08 వాటు మించరాదని అంతర్జాతీయ సంఘం నిర్ణయించింది. దానిని బట్టి గాలిలో ఎంత ఉండవచ్చునో లెక్కకట్టారు. వైఫై తరంగాలకు చదరపు మీటరుకు 10 వాట్లు. మన ప్రభుత్వం ఇంకా జాగ్రత్త పడి, 2012 సెప్టెంబరు 1 నుండి టవర్ల విషయంలో దానిని పదవ వంతుకు దించింది. అంటే ఆ కంపనాల వద్ద చదరపు మీటరుకు 1 వాటు. మేము మా పుస్తకంలో ప్రతి కొలతనూ 2012 నాటి ఈ కఠినమైన గీతతోనే పోల్చుకొన్నాము. ఇంటిలోని పెట్టెకు టవరు గీత పెట్టడం అన్యాయమని ఎవరైనా అనవచ్చు. అన్యాయమైనా, మన భయానికి అనుకూలమైన అన్యాయమే గదా అని ఊరుకొన్నాము.

ఇక కొలత. కళాశాల నుండి మంచి పరికరం ఎరువు తెచ్చుకొన్నాము. మొదటి ఆదివారం ఉదయం మందిరం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి, గది నడుమ నిలబడి చూచాము. అంకె ఉండవలసినదానికంటె ఎక్కువ కనిపించింది. పెట్టెకు దూరంగా పోయాము, తగ్గలేదు. వాకిటిలోకి పోయాము, అక్కడా తగ్గలేదు. వైఫై పెట్టె మీట తీసివేసి వచ్చాము, అప్పుడూ తగ్గలేదు! ఒక గంటసేపు ముగ్గురమూ తలలు పట్టుకొన్నాము. ప్రక్క మేడమీద టవరు అన్నారు ఒకరు. పైకప్పు రేకులు అన్నారు మరొకరు. చివరకు పరికరం పట్టుకొన్నాయన చొక్కా జేబులో ఫోను మోగింది, అంకె ఎగిరి ఆకాశానికి పోయింది. అప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెదికినట్లయింది మా పని. ముప్పయి ఏళ్ళు టెలిఫోను పనిలో ఉన్నవారి సంగతి ఇది. ఆనాటి అంకెలన్నీ కొట్టివేసి, మూడు ఫోన్లూ ఆపి కార్యాలయం గదిలో పెట్టి, తిరిగి మొదలుపెట్టాము.

రెండవ చిక్కు మందిరమే. మన మందిరానికి మందపు రాతిగోడలు, పైన ఇనుపరేకులు. తరంగం రేకుకు తగిలి వెనక్కు వస్తుంది. పోయేదీ వచ్చేదీ ఒకచోట కలిసి పెరుగుతాయి, మరొకచోట కొట్టుకొని తగ్గుతాయి. బావిలో రెండు రాళ్ళు వేస్తే అలలు ఒకదానిమీద ఒకటి పడి కొన్నిచోట్ల లేచి కొన్నిచోట్ల అణిగినట్లే. వైఫై తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు గనుక, పరికరాన్ని జానెడులో సగం జరిపితే చాలు, అంకె మారిపోతుంది. ఒక చోట ఒక్కసారి చూచి "ఇంత ఉన్నది" అని చెప్పడం, ఏటిలో ఒకచోట కాలు పెట్టి ఏరు మోకాలిలోతు అని చెప్పడం వంటిది. కాబట్టి ఒక్కొక్క చోట నేల నుండి 1.1 మీటరు, 1.5 మీటరు, 1.7 మీటరు ఎత్తులలో మూడుసార్లు, ఒక్కొక్కసారి ఆరు నిమిషాలు సరాసరి తీశాము. నిపుణులు పెట్టుకొన్న పద్ధతే ఇది. పిల్లలు కూర్చునే చోట ఇంకా క్రిందికి దించి కూడా చూచాము. మనిషి శరీరం కూడా తరంగాలను అడ్డుతుంది గనుక, పరికరాన్ని కర్రముక్కాలి పీట మీద పెట్టి మేము దూరంగా నిలబడ్డాము. కొలిచేవాడే కొలతను పాడుచేయడం ఎంత సులభమో చూడండి.

వర్తకుని పరికరంలోని లోపం కూడా ఇక్కడే తెలిసింది. మన సభ్యులొకరు దానిని అతని వద్ద కొనే ఉంచారు. అది ఒక దిక్కుగా వచ్చే తరంగాన్నే పట్టగలదు, ప్రక్కకు త్రిప్పితే ఎర్రదీపం పచ్చదీపం అవుతుంది. మంచి పరికరంలో మూడు దిక్కులకూ మూడు ఆంటెన్నాలు ఉంటాయి, ఎటు త్రిప్పినా అంకె మారదు. పైగా అతని పరికరం ఒక్క క్షణం మెరిసిన మెరుపును చూచి ఎర్రదీపం వెలిగిస్తుంది, సరాసరి తీయదు. వైఫై పెట్టె అస్తమానం మాట్లాడదు. మాట ఉన్నప్పుడు నోరు తెరుస్తుంది, లేనప్పుడు మూసుకొంటుంది. ఇంగ్లండులో బడులలో కొలిచి 2011లో ప్రకటించిన పరిశోధన ఉన్నది. అక్కడ తరగతి నడుస్తుండగా పెట్టెలు నోరు తెరిచి ఉన్న కాలం నూటికి 1 మొదలు 11.7 పాళ్ళు మాత్రమే. పిల్లల ముందున్న కంప్యూటర్లయితే నూటికి ఒక పాలు కూడా లేదు. అన్నిటికంటె ముఖ్యం, ఎర్రదీపం ఏ అంకె దగ్గర వెలగాలో నిర్ణయించినవాడు ఆ పరికరం తయారుచేసినవాడే. ఏ ప్రభుత్వపు గీతా కాదు.

అయితే పెట్టె క్రింద పిల్లల మీద పడేది ఎంత? ఈ లెక్క మీరే వేసుకోవచ్చు, పరికరం అక్కరలేదు. మామూలు పెట్టె బలం 100 మిల్లీవాట్లు, అనగా వాటులో పదవ వంతు. పగలు రాత్రి నోరు మూయకుండా అరుస్తున్నదనే అనుకొందాము. ఒక మీటరు దూరంలో చదరపు మీటరుకు 8 మిల్లీవాట్లు పడుతుంది. దూరం రెండింతలయితే బలం నాలుగవ వంతు అవుతుంది గనుక, రెండు మీటర్ల వద్ద 2 మిల్లీవాట్లు, నాలుగు మీటర్ల వద్ద అర మిల్లీవాటు. మన పిల్లల తలలకూ పెట్టెకూ నడుమ ఒకటిన్నర మీటరు. అక్కడ 3.5 మిల్లీవాట్లు. 2012 నాటి గీత 1 వాటు, అంటే వెయ్యి మిల్లీవాట్లు. గోడల నుండి తిరిగివచ్చేదాని వలన కొన్నిచోట్ల పెరిగినా, పెట్టె నోరు మూసుకొనే కాలం వలన అంతకంటె ఎంతో తగ్గుతుంది. మా పుస్తకంలో వ్రాసుకొన్న సరాసరులలో ఏ బల్ల దగ్గరిదీ ఈ లెక్కను దాటలేదు. పైన చెప్పిన ఇంగ్లండు బడుల పరిశోధకులు ప్రయోగశాలలో పెట్టె ఎదుట ఒక మీటరు దూరాన చూచిన మిక్కిలి ఎక్కువ అంకె 18 మిల్లీవాట్లు. అదీ గీతకు ఎంతో దిగువే.

కొందరు ఇక్కడ ఒక మాట అంటూ ఉంటారు. ఎండలో నిలబడితే చదరపు మీటరుకు వెయ్యి వాట్లు పడుతున్నదే, దీనికి భయమెందుకని. ఆ వాదం మాకు నచ్చదు. షోలాపురం ఎండ సంగతి మాకు తెలుసు. ఎండ చర్మం మీద ఆగిపోతుంది, ఇవి లోపలికి పోతాయి. రెండూ ఒక త్రాసులో వేయదగినవి కావు. భయం పోగొట్టడానికి కూడా తప్పు లెక్క చెప్పకూడదు.

మరి మందిరంలో ఎక్కువ అంకెలు వచ్చినది ఎక్కడ? వంటశాల ప్రక్కన సామాను గది ఉన్నది చూడండి, బియ్యం బస్తాలు పెట్టే గది. అక్కడ పెట్టె తరంగం దాదాపు లేదు, టవరు తరంగం అసలే లేదు. ఖాళీగా ఉన్నంతసేపు మందిరం మొత్తానికి అదే అన్నిటికంటె నిశ్శబ్దమైన చోటు. కాని అక్కడ ఒక మనిషి నిలబడి ఫోనులో మాట్లాడినప్పుడు, అతని చెవి ప్రక్కన వచ్చిన అంకె మరెక్కడా రాలేదు.

దీనికి కారణం మీలో మరమగ్గాల షెడ్డులో పనిచేసినవారికి ఇట్టే తెలుస్తుంది. మగ్గాలు ఆడుతున్నప్పుడు ప్రక్కవాడితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. మగ్గాలు ఆగితే గుసగుస చాలు. ఫోను కూడా అంతే. టవరు మాట బాగా వినిపిస్తున్నచోట అది గుసగుసలాడుతుంది, వినిపించనిచోట అరుస్తుంది. ఇప్పటి 4జి ఫోను ఎక్కువలో ఎక్కువ 200 మిల్లీవాట్ల దాకా అరవగలదు. టవరు బాగా అందినచోట అందులో వెయ్యవ వంతుకూ దిగుతుంది, ఇంకా దిగువకూ పోతుంది. అంటే సామాను గదిలోని ఫోను, గోడమీది పెట్టెకు రెండింతల బలంతో అరుస్తున్నది. పెట్టె ఒకటిన్నర మీటరు దూరాన ఉన్నది, ఫోను చెవికి ఆనుకొని ఉన్నది. రాతిగోడల మధ్య, లిఫ్టులో, రైలు పెట్టెలో జరిగేదీ ఇదే. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషనులో ఉచిత వైఫై మొదలై, తరువాత వేల స్టేషన్లకు ప్రాకింది. అక్కడ బెంచీ మీద కూర్చున్నవారు పైనున్న పెట్టెను అనుమానంగా చూడడం, చేతిలోని ఫోనును మాత్రం ప్రేమగా చూడడం మేము చూచాము.

చెవి దగ్గర ఫోనును మా పరికరంతో కొలిచిన అంకెను గీతతో పోల్చరాదు. అంత దగ్గరలో గాలిలోని లెక్క పనిచేయదు. ఫోనుకు వేరే కొలత ఉన్నది. ఒక గ్రాము కండలో సరాసరిన కిలోకు 1.6 వాట్లు మించరాదని 2012 సెప్టెంబరు నుండి మన దేశంలో నియమం పెట్టారు. మీ ఫోనులో *#07# నొక్కితే దాని అంకె తెరమీద కనిపిస్తుంది. ఫోను పూర్తి బలంతో అరుస్తున్నప్పటి అంకె అది.

ఇక బిళ్ళల సంగతి. వర్తకుడు చూపించిన గారడీ మేము మళ్ళీ చేసి చూచాము. ముందు బిళ్ళ లేకుండా ఫోను చేశాడు, పరికరం ఎర్రబడింది. వెంటనే బిళ్ళ అంటించి చూపించాడు, పచ్చబడింది. మేము బిళ్ళకు బదులు అగ్గిపెట్టె లేబులు అంటించాము. అదీ పచ్చబడింది! ఎందుకంటే ఫోను పిలుపు మొదలుపెట్టేటప్పుడు గట్టిగా అరుస్తుంది, టవరు "వినబడింది" అన్న తరువాత గొంతు తగ్గిస్తుంది. బిళ్ళ అంటించేలోపల అది తనంతట తానే తగ్గింది. నిజంగా తరంగాన్ని అడ్డే బిళ్ళ అంటూ ఉంటే, టవరుకు మాట అందక ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది. డబ్బిచ్చి అరుపు కొనుక్కొన్నట్లు.

ప్రక్క మేడమీది టవరును గురించి చాలామంది అడిగారు. టవరు ఆంటెన్నా తన వెలుగును ఎదుటికి, దూరానికి చిమ్ముతుంది, సరిగా తన అడుగుకు కాదు. దీపం క్రిందనే చీకటి అన్నట్లు, ఆ మేడలో ఉన్నవారికంటె దానికి ఎదురుగా, అదే ఎత్తులో ఉన్న అంతస్తులోనివారికి ఎక్కువ పడుతుంది. మన మందిరం నేలమట్టం కట్టడం, పైగా రేకులు. మాకు కనిపించింది స్వల్పమే. ఎదురుమేడ వారికి సందేహముంటే మా మాట నమ్మనక్కరలేదు. 2017లో కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ అనే ఏర్పాటు చేసింది. రుసుము కట్టి దరఖాస్తు చేస్తే శాఖవారు వచ్చి కొలుస్తారు. ప్రారంభంలో రుసుము 4000 రూపాయలు. నలుగురు కలిసి కట్టుకోవచ్చు.

"ఇన్ని చెప్పారు గాని, అసలు జబ్బు చేస్తుందా చేయదా?" అని ఒక అక్కయ్యగారు నిలదీశారు. నిలదీయవలసినదే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగం ఈ తరంగాలను "క్యాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే తరగతిలో పెట్టింది. రుజువు చాలనప్పుడు, అయినా కొట్టిపారవేయలేనప్పుడు పెట్టే తరగతి అది. 2018లో అమెరికాలో మగ ఎలుకలను రెండేళ్ళపాటు రోజుకు తొమ్మిది గంటలు ఈ తరంగాలలో ఉంచితే, కొన్నిటికి గుండెలో గడ్డలు వచ్చాయి. ఆ ఎలుకలకు ఇచ్చిన పెద్ద మోతాదు కిలోకు 6 వాట్లు, మన శరీరం మొత్తానికి పెట్టిన హద్దుకు 75 రెట్లు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా, 1994 మొదలు 2022 దాకా మనుషుల మీద జరిగిన 63 పరిశోధనలను కలిపి చూచారు. సెల్ ఫోను వాడకానికీ మెదడు క్యాన్సరుకూ సంబంధం కనిపించలేదు. ఇవన్నీ చదివి మేము అనుకొన్నది ఇది. గోడమీది పెట్టెకు భయపడి పిల్లను తెలుగు బడి మాన్పించడం త్రాడును చూచి పాము అనుకోవడమే. చెవి దగ్గరి ఫోను విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త పడితే నష్టం లేదు. టవరు అందని చోట పొడుగు మాటలు మానుకోవడం, చెవికి తీగ పెట్టుకొని ఫోనును బల్లమీద ఉంచడం, ఇంతే.

నిస్సందేహంగా జాగ్రత్త పడవలసినవారు ఒకరున్నారు. గుండెకు పేసుమేకరు పెట్టించుకొన్న పెద్దలు ఫోనును ఎడమ జేబులో పెట్టుకోకండి. పేసుమేకరుకు 15 సెంటీమీటర్లయినా ఎడంగా ఉండాలని వైద్యుల సూచన. ఈ సభలోనే ఇద్దరి జేబుల్లో మేము చూచాము. పేర్లు చెప్పము.

చివరకు పెట్టె ఏమయింది అంటారా? ఇందులో మా ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదరలేదు. బల్లల మీదనుండి తీసి ఎదుటి గోడకు మార్చుదామని ఇద్దరము అన్నాము. నాలుగు మేకులు, రెండు గజాల తీగ, ఖర్చు ఏమున్నది? మూడవవారు ఒప్పుకోలేదు. "మార్చితే వర్తకుడు చెప్పినదే నిజమని మీరే సంతకం పెట్టినట్లు" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కార్యవర్గం మార్చాలనే తీర్మానించింది, పోయిన నెలలో మార్చారు. అయిదుగురిలో నలుగురు పిల్లలు తిరిగి వచ్చారు. ఒక తల్లి మాత్రం ఇంకా పంపలేదు. ఆమె ఇంటికి వెళ్ళి పుస్తకం చూపించాము. మర్యాదగా కాఫీ ఇచ్చి, మర్యాదగానే మాట దాటవేశారు. మళ్ళీ వెళతాము.

కొలతల పుస్తకం గ్రంథాలయం బల్లమీద గొలుసుతో కట్టి ఉంచాము. మొదటి ఆదివారం కొట్టివేసిన అంకెలు కూడా అందులో అలాగే ఉన్నాయి. పరికరాన్ని కళాశాలకు తిరిగి ఇవ్వవలసినది వచ్చే శనివారం. అంతలోపల ఎవరి ఇంట్లోనైనా కొలవమంటే వస్తాము. గడపలో అడుగుపెట్టగానే ఇంటిల్లిపాది ఫోన్లూ ఆపమని అడుగుతాము, కోపగించుకోకండి. మా ఫోన్లు ముందే ఆపుకొని వస్తాము.